ఐలయ్య చదివిన రేకు

పూర్వం రాజులు పట్టాభిషేకానికి ముందు నానా నదుల నీళ్లతో స్నానం చేసేవారట. ఆ సంగతి శాసనాల్లో ఉంది. బాలానగర్‌లో బండ్ల సొట్టలు తీసే డెంటర్ ఐలయ్య ఏ బండి మీద చేయి వేసేముందైనా కుడిచేతి బొటనవేలిని నాలుక మీద తడి చేసుకునేవాడు. ఆ సంగతి ఏ శాసనంలోనూ లేదు. రాళ్లు చెక్కించే స్తోమత లేనివాళ్ల చరిత్ర అంతా ఇలాగే గాలికి పోయింది కాబట్టి, కనీసం కాగితం మీదకైనా దాన్ని ఎక్కించడం మన విధి.

ఆ క్రతువు ఈ విధంగా జరిగేది. ముందు బానెట్ ఎత్తుతాడు. ఇంజనుకు వెనక గోడలా నిలబడే అడ్డరేకు మీద, రెండు రివెట్లతో బిగించిన చిన్న రేకు ముక్క ఒకటి ఉంటుంది. కార్ల ఫ్యాక్టరీలో బండి పుట్టిననాడే దాని పుట్టుపూర్వోత్తరాలు అంకెల్లో కొట్టి అక్కడ బిగిస్తారు. దాని మీద ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డును ఐలయ్య తడి బొటనవేలితో ఎడమ నుంచి కుడికి ఒకేసారి తుడుస్తాడు. అంకెలు బయటపడతాయి. వాటిని పైకి చదువుతాడు. అప్పుడు గానీ బండికి ఏమైందని అడగడు. సైలెన్సర్ ఊడి రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చిన బండైనా సరే, రేకు చదివేదాకా ఆగాల్సిందే.

"ముందుగాల ఎవరో తెల్వాలె గద సార్," అనేవాడు తొందరపడే యజమానులతో. "పేరడగకుండనే దవాఖానల సూదిస్తరా?"

ఈ అలవాటు బండ్ల దగ్గర ఆగి ఉంటే ఆయన భార్య భూలక్ష్మి జీవితం కొంత సుఖంగా గడిచేది. ఆగలేదు. కొడుకు పెళ్లిచూపులకు నల్లగండ్ల వెళ్లినప్పుడు అందరూ పిల్లను చూస్తుంటే ఐలయ్య స్టూలు వేసుకుని సీలింగ్ ఫ్యాన్ రేకు చదివాడు. "డెబ్భై ఒకటి మాడల్. మంచిగనే ఉన్నది," అన్నాడు దిగి. పిల్ల తండ్రి పిల్ల గురించే అంటున్నాడనుకుని లేచి కొట్టబోయాడు.

ఐలయ్య పుట్టింది హఫీజ్‌పేటలో. చదువు మూడో తరగతితో ఆగింది. అంటే బడి నడుస్తూనే ఉంది, ఐలయ్యే మానుకున్నాడు. 1958లో ఆబిడ్స్‌లోని ఒక కార్ల వర్క్‌షాపులో చేరాడు. అక్కడ స్టోర్‌కీపరు యజ్ఞనారాయణగారు. కాకినాడ మనిషి, తెల్ల పంచె మీద నల్ల కోటు. అమెరికా బండికి ఏ సామాను కావాలన్నా ముందు రేకు మీది అంకెలు చూడాలి. చూడాలంటే బానెట్ కిందకి వంగాలి. వంగితే పంచెకు గ్రీజు. ఈ సంకటంలోంచి ఐలయ్య విద్యాభ్యాసం పుట్టింది. యజ్ఞనారాయణగారి దగ్గర నాలుగు పేజీల కంపెనీ పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని ఆయన కుర్చీలోంచి లేవకుండా ఐలయ్య చేత ఎక్కాల్లా వల్లె వేయించాడు.

"పది పదకొండు?"

"రెండు తలుపుల సెడాన్."

"పది పంతొమ్మిది?"

"నాలుగు తలుపుల సెడాన్."

"పది ముప్పై ఏడు?"

"నడుమ స్తంభం లేని కూపే."

"పది అరవై ఏడు?"

"మడిచే కప్పు. కన్వర్టిబుల్."

"చివర డి ఉంటే?"

"దొర కొనేది. డి లేకుంటే దొర గుమాస్తా కొనేది."

చివరి జవాబు పుస్తకంలో లేదు, యజ్ఞనారాయణగారి సొంత వ్యాఖ్యానం. ఆయన ఇంకొక మాట కూడా చెప్పాడు. "ఒరే ఐలయ్యా, బండికి ఇంజను మార్చు, రంగు మార్చు, యజమానిని మార్చు. రేకు మాత్రం ముట్టుకోకు. అది దాని జాతకం. మనం చదవడానికే గానీ దిద్దడానికి కాదు."

ఐలయ్య ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది కూడా ఆ రేకుల మీదే. ఆ భాషలో ఇరవై ఆరు అక్షరాలున్నాయని చాలాకాలం దాకా ఆయనకు తెలియదు. బండ్లకు పది చాలు.

తర్వాత బాలానగర్‌లో సొంత షెడ్డు పెట్టాడు. 1974 వచ్చింది. పెట్రోలు ధర మండిపోయి, నవాబుల ఇళ్లలో పడవల్లాంటి అమెరికా బండ్లు కోళ్లకు గూళ్లవుతున్న రోజులు. చిక్కడపల్లి బ్యాండుమేళం ఓంకార్ వాటిలో ఒక షెవర్లేని పెళ్లి బరాత్‌ల కోసం కొన్నాడు. కొన్నాక తెలిసింది అసలు చిక్కు. కప్పు ఉంటే లోపల కూర్చున్నది పెళ్లికొడుకో పెళ్లికొడుకు మేనమామో రోడ్డు మీద జనానికి తెలియదు. పెళ్లికొడుకు కనపడని బరాత్‌కు బండెందుకు, రిక్షా చాలదా? బండి ఐలయ్య షెడ్డుకు వచ్చింది.

"కప్పు కోసెయ్యి," అన్నాడు ఓంకార్.

ఐలయ్య బొటనవేలు తడి చేసుకుని రేకు చదివాడు. యాభై ఏడు, పది పదకొండు, డి. "ఇది కోసే బండి కాదు ఓంకారన్నా. కప్పు దీని నడుము. తీస్తె తలుపులు జారి కిందికొస్తయ్."

మధ్యాహ్నం దాకా వాదించాడు. మధ్యాహ్నం తర్వాత కోశాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్న మనిషి అంతకంటే ఎక్కువసేపు వాదించలేడు. హ్యాక్‌సా పట్టి, ఉలి పట్టి, రెండు రోజులు కోసి, తలుపులు జారకుండా కింద అటూ ఇటూ రెండు ఇనుప యాంగిళ్లు వెల్డింగ్ చేశాడు. పని చూసి ఓంకార్ మురిసిపోయి, "గా చిన్న రేకు గూడ పీకెయ్ రాదు, తుప్పు పట్టింది," అన్నాడు.

"తల తీయమన్నవ్, తీసిన. పేరు తీయమనకు."

ఆ బండి పాతికేళ్లు జంటనగరాల్లో పెళ్లికొడుకులను మోసింది. ఎర్రరంగు, తెల్లరంగు, మళ్లీ ఎర్రరంగు వేసుకుంది.

1999 నాటికి మాదాపూర్ గుట్టలు పగిలి అద్దాల మేడలవుతున్నాయి. అలాంటి మేడ ఒకటి కట్టుకున్న కంపెనీ ఎండీ శ్యామ్‌కు ముప్పై నాలుగేళ్లు. కంపెనీ పేరు ఇంగ్లీషులో ఉంటుంది. అందులో ఒక 'ఇన్ఫో', ఒక 'నెట్' ఉన్నాయని చెబితే అప్పటి పేర్లన్నీ చెప్పినట్టే. వాళ్ల వ్యాపారం ఏమిటంటే, ప్రపంచంలోని పాత కంప్యూటర్లు సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే గుర్తుపెట్టుకుంటున్నాయట. రెండువేల సంవత్సరం రాగానే వాటికి మతి పోతుందట. ఆ అంకెలను వెతికి సరిచేయడానికి నాలుగు వందలమంది పట్టభద్రులు పొద్దస్తమానం కూర్చుని ఉండేవారు.

మార్చి నెలాఖరున కొత్త మేడ ప్రారంభం. వాళ్ల పెద్ద క్లయింటు న్యూయార్క్ పక్కనుంచి వస్తున్నాడు. ఆయన ఒకసారి ఫోన్‌లో మాటల మధ్య, "చిన్నప్పుడు నా దగ్గర యాభై ఏడు షెవర్లే ఉండేది, ఆకుపచ్చది," అన్నాడు. శ్యామ్‌కు ఆ మాట దైవవాణి అయింది. ముందు పోర్టికోలో అలాంటి బండి ఒకటి నిలబడాలి. హైదరాబాద్‌లో వెతికితే దొరకనిదేముంది? చిక్కడపల్లిలో దొరికింది. 'ఒరిజినల్ 1957 కన్వర్టిబుల్' అని ఆహ్వాన పత్రికల మీద బంగారు అక్షరాలతో అచ్చు కూడా అయింది.

బండి సొట్టలు తీయడానికి ఐలయ్యను పిలిపించినవాడు అడ్మిన్ మేనేజరు సోమేశ్వరరావు. ప్రభుత్వంలో సూపరింటెండెంటుగా రిటైరై, ప్రైవేటులో మళ్లీ పుట్టినవాడు. పని బాగా చేస్తే కంపెనీ సుమోలు పన్నెండింటి డెంటింగ్ పనీ ఐలయ్యదేనని ముందే ఆశపెట్టాడు. బాలానగర్ షెడ్డు పక్కన షెడ్లన్నీ మూతపడుతున్న రోజుల్లో పన్నెండు సుమోలంటే మాటలు కాదు.

ఐలయ్య పోర్టికోలోకి వచ్చి బానెట్ ఎత్తాడు. బొటనవేలు తడి చేశాడు. తుడిచాడు.

లేని కప్పు దగ్గర, కోసిన అంచు మీద చెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. వంగి కింద చూశాడు. రెండు యాంగిళ్లు.

"ఇది నేను కోసిందే సార్."

"ఏం కోశావయ్యా?" అన్నాడు సోమేశ్వరరావు.

"కప్పు. ఇది కన్వర్టిబుల్ కాదు. అదైతె పది అరవై ఏడుంటది. ఇది పది పదకొండు. రెండు తలుపుల సెడాను. డెబ్భై నాలుగుల నేనే కోసిన."

సోమేశ్వరరావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నెమ్మదిగా, నెమ్మదిగా. ఈ సంగతి ఎక్కడ తెలుస్తుంది?"

"గీ రేకు మీద. తలుపు స్తంభం మీద ఇంకో రేకుంటది గని అది కప్పు ముచ్చట చెప్పది. ఇదొక్కటే చెప్తది."

"వచ్చే దొరకు ఈ బండి ఉండేదటయ్యా! మొట్టమొదట బానెట్టే ఎత్తుతాడు!"

"ఎత్తనియ్యుండ్రి. సదువుకుంటడు."

ఆ సాయంత్రమే సోమేశ్వరరావు ఒక పరిష్కారంతో వచ్చాడు. ప్రభుత్వ సర్వీసులో ముప్పై మూడేళ్లు ఉన్నవాడికి, కాగితం ఒక మాట చెప్పి వస్తువు ఇంకొక మాట చెబితే ఏం చేయాలో తెలుసు. కాగితం మార్చాలి. "ఐలయ్యగారూ," అన్నాడు. పొద్దున లేని 'గారు' ఎక్కడినుంచో వచ్చి చేరింది. "మీ దగ్గర అంకెలు కొట్టే పంచ్‌లు ఉన్నాయి కదండీ. పాత రేకు తీసేసి, కన్వర్టిబుల్ అంకెతో కొత్తది ఒకటి కొట్టి పెట్టండి. అరగంట పని."

"నాతోని కాదు."

"రాదా?"

"వస్తది. చెయ్య."

"ఎందుకు చెయ్యవు?"

"నేను కోసిన. తప్పో ఒప్పో, కోసిన. పాతికేండ్ల సంది గా రేకు ఒక్కటే చెప్తున్నది, ఈ బండికి కప్పుండె, ఒకడు కోసిండు అని. అది పీకేస్తె కప్పూ లేనట్టే, కోసినోడూ లేనట్టే. నేను లేనా సార్? నీ ముంగట నిలబడి లేనా?"

సోమేశ్వరరావు నొచ్చుకోలేదు. ఒకరు చేయని పని చేయడానికి బాలానగర్‌లో ఇంకొకరుంటారు. రెండో రోజు పొద్దుటికి కొత్త రేకు రానే వచ్చింది. టీ డికాక్షన్‌లో నానబెట్టి, యాసిడ్ రాసి, నలభై ఏళ్ల ముసలితనం ఒక రాత్రిలో తెప్పించారు. ఐలయ్య మడ్‌గార్డు సొట్ట తీస్తుంటే దాన్ని ఆయన ముందు పెట్టాడు సోమేశ్వరరావు. "పీకడం, బిగించడం మాత్రం మీరు చేయండి. కొట్టింది మీరు కాదుగా."

ఐలయ్య అలవాటు కొద్దీ బొటనవేలు తడి చేసుకుని దాన్నీ తుడిచాడు. చదివాడు. మళ్లీ చదివాడు. సుత్తి కింద పెట్టాడు.

"పది అరవై ఎనిమిదా?"

"అవునండీ."

"కన్వర్టిబుల్ పది అరవై ఏడు సార్."

"తెలుసు. మీరే చెప్పారు కదా. కానీ అందులో ఒక ఇబ్బంది వచ్చింది." సోమేశ్వరరావు వేళ్లు విప్పాడు. "యాభై ఏడు, పది అరవై ఏడు. ఐదూ ఏడూ పన్నెండు, ఒకటి పదమూడు, ఆరు పంతొమ్మిది, ఏడు ఇరవై ఆరు. రెండూ ఆరూ ఎనిమిది. ఎనిమిదంటే శని! ప్రారంభోత్సవం రోజున గుమ్మంలో శనిని నిలబెడతామా? ముహూర్తం పెట్టిన సిద్ధాంతిగారు అసలు ఒప్పుకోలేదు. ఒక్క అంకె పెంచితే తొమ్మిది. ఎండీగారి సుమోల నంబర్లన్నీ కూడితే తొమ్మిదే."

ఐలయ్య నిర్ఘాంతపోయాడు. అబద్ధం ఆయనకు కొత్త కాదు. మీటరు తిప్పిన బండ్లు చూశాడు, పుట్టీతో నింపిన సొట్టలు చూశాడు. కానీ శుభం కోసం అబద్ధాన్ని కూడా తప్పు కొట్టిన మనుషులను చూడటం అదే మొదటిసారి.

"సార్, పది అరవై ఎనిమిది అన్న బండి ఆ ఫ్యాక్టరీల పుట్టలే. యజ్ఞనారాయణసారు ఎక్కంల లేదు. దొంగపని చేస్తరా, చెయ్యుండ్రి. గని దొంగపనికి గూడ ఒక పద్ధతుంటది. పుట్టని బిడ్డకు బారసాల చేస్తరా?"

"ఎవరికి తెలుస్తుందయ్యా?"

"నాకు తెల్సింది గద!"

ఆ మాటతో ఐలయ్య చేసిన పని మాదాపూర్ చరిత్రలో నిలిచిపోవాలి. బానెట్ మూసి, దాని ముందు గోనెసంచి పరుచుకుని, బండి బంపరుకు వీపు ఆనించి కూర్చున్నాడు. "రేకు ముట్టాల్నంటే నన్ను లేపి ముట్టుండ్రి."

"సుమోల పని పోతుంది!"

"పోనీ."

"సెక్యూరిటీని పిలుస్తాను!"

సెక్యూరిటీ అప్పటికే వచ్చి, ఐలయ్యకు బీడీ అంటించి పక్కన నిలబడి ఉంది. అద్దాల మేడలోంచి పట్టభద్రులు టీ కప్పులతో దిగివచ్చారు. గంటలో నలభైమంది పోగయ్యారు.

భోజనాల వేళకు భూలక్ష్మి టిఫిన్ డబ్బాతో ఆటో దిగింది. గోనెసంచి మీద మొగుణ్ణి చూసి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందయ్యా, గిక్కడ సంత పెట్టినవ్? ఏమమ్ముతున్నవ్?"

"రేకు పీకుతరంట."

"పీకితె నీ పన్ను పీకినట్టా? పన్నెండు బండ్ల పని, పోనీ అన్నవంట! వాచ్‌మన్ చెప్పిండు. ఇంట్ల చెప్పకుండ పోనీ అంటానికి నువ్వెవరు?"

"నువ్వు జర సప్పుడు జెయ్యకు."

"జేస్త." భూలక్ష్మి బండి వైపు తిరిగింది. కళ్లు చికిలించి చూసింది. గొంతు మారింది. "ఇది ఓంకార్ బండే గద? మా చెల్లె యాదమ్మ పెండ్లికి బరాత్ దీంట్లనే పాయె!"

సోమేశ్వరరావుకు ఆశ చిగురించింది. "చూశారా అమ్మా! ఎంత మంచి కన్వర్టిబులో మీరే చెప్పండి."

"ఏం మంచి సార్! నడుమ రోడ్డు మీద వానొచ్చింది. కప్పు ఏసుకోరాదు అంటె, లేని కప్పు యాడికెల్లి ఏస్తరు? పెండ్లికొడుకు తడిసి ముద్దయిండు. తలపాగ రంగు కారి మొఖమంత పచ్చగైంది. మా చెల్లె సూసి కామెర్లోనికిచ్చిండ్రని ఏడ్సింది. మడిచేది ఇప్పేది ఏం లేదు దీనికి. మా ఆయన కోసిండు, అంతే. కోసిండని ఊరంత తెల్సు. మీకు దాసేదేంది?"

డబ్బా తీసి గోనెసంచి మీద పెట్టి తానూ కూర్చుంది. "తిను. కూసున్నంక కడుపు కాల్చుకునుడేంది."

నలభైమంది నవ్వు మూడో అంతస్తుకు వినపడింది. శ్యామ్ దిగివచ్చాడు. మెడలో టై, చేతిలో ఆ రోజుల్లో ఇటుకంత ఉండే సెల్‌ఫోను. సోమేశ్వరరావు సంగతంతా చెవిలో చెప్పాడు. శ్యామ్ విని, గోనెసంచి ముందు గొంతుక్కూర్చున్నాడు. టై వేసుకున్నవాడికి అది సులువు కాదు.

"పెద్దాయనా, ఏంటి ప్రాబ్లమ్? చిన్న ప్లేట్. టూ డేస్ ఉండి గెస్ట్ వెళ్లిపోతారు. మళ్లీ పాతది పెట్టేద్దాం."

"పీకినంక రివెటు పాతది రాదు సార్. ఫ్యాక్టరీ రివెటు. పూవు లెక్క ఉంటది తల. ఒక్కపారి పీకితె పోయినట్టే." ఐలయ్య చెయ్యి కడుక్కున్నాడు. "ఒక్క మాటడుగుత. మీ పిల్లలు పొద్దంత కూసొని ఏం చేస్తరు?"

"పాత రికార్డుల్లో ఇయర్ కరెక్ట్ చేస్తారు. రెండంకెలుంటే నాలుగు చేస్తారు."

"మా రేకు మీద గూడ రెండంకెలే సార్, యాభై ఏడు. నలభై ఏండ్లయింది, దానికి మతి పోలే. సరే. మీ పిల్లగాడు ఒకడు, ఉన్న అంకె తీసేసి, పుట్టని అంకె పెట్టిండనుకో. ఎందుకు పెట్టినవ్ర అంటె, తొమ్మిదొస్తది అందుకని పెట్టిన అన్నడు. వాణ్ణేం చేస్తరు?"

శ్యామ్ జవాబు చెప్పేలోపు వెనకనుంచి కళ్లజోడు పిల్ల ఒకతె, దేవిశ్రీ అని, ఆలోచించకుండా అనేసింది. "టెర్మినేట్ చేస్తారు. పోయిన నెల మా టీమ్‌లో చేశారు కూడా."

మళ్లీ నవ్వు. శ్యామ్ నవ్వలేదు. నేల చూశాడు. అతని కంపెనీ బతుకంతా ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది: అమెరికాలో ఎవరిదో పాత రికార్డు ఇక్కడికొస్తే, దానిలో తప్పే దిద్దుతారు గానీ నిజం దిద్దరని. ఆ నమ్మకం వస్తున్నది ఎల్లుండి పొద్దున, విమానంలో.

"కానీ కార్డులు ప్రింటయిపోయాయి కదండీ," అన్నాడు నీరసంగా, ఎవరితోనో.

సోమేశ్వరరావు ముప్పై మూడేళ్ల సర్వీసు అప్పుడు అక్కరకొచ్చింది. పై అధికారి వెనక్కి తగ్గాలనుకుంటున్నప్పుడు దారి చూపించడమే కదా సర్వీసంటే. ఆయన వేళ్లు వాటంతటవే కదిలాయి. "ఐదూ ఏడూ పన్నెండు... ఒకటి పదమూడు, ఒకటి పద్నాలుగు, ఒకటి పదిహేను. ఒకటీ ఐదూ ఆరు. సార్! పాత రేకు మీదున్న అంకె ఆరండీ! శుక్రుడు! సాక్షాత్తూ వాహన కారకుడు! ఇన్నాళ్లూ దీన్ని కూడి చూడలేదండీ మనం!"

శ్యామ్ లేచి నిలబడ్డాడు. ధర్మం ఒక వైపు నుంచి, శుక్రుడు ఒక వైపు నుంచి నెడితే ఏ ఎండీ అయినా లేవక తప్పదు. "అయితే ఉంచేయండి. పాత ప్లేటే ఉంచేయండి."

జనం చప్పట్లు కొట్టారు. ఐలయ్య మాత్రం లేవలేదు.

"ఇంకేంటండీ?" అన్నాడు సోమేశ్వరరావు.

"బండి పక్కకు బోర్డు పెడ్తరంట గద. దాంట్ల ఏం రాస్తరు?"

"ఏం రాయమంటారు?"

ఐలయ్య బండి వైపు తిరగకుండానే చెప్పాడు, ఎక్కం అప్పజెప్పినట్టు. "యాభై ఏడు షెవర్లే. పది పదకొండు డి. రెండు తలుపుల సెడాన్. టారీటౌన్ ఫ్యాక్టరీల పుట్టింది. అప్పటి రంగు ఏడొందల తొంభై ఏడు, లేత ఆకుపచ్చ. కప్పు డెబ్భై నాలుగుల బాలానగర్‌ల కోసిండ్రు. కోసినోడు ఐలయ్య."

"కోసినవాడి పేరెందుకయ్యా, పొగడ్త కాదుగా అది?"

"నేను పొగడమన్ననా? రాయమన్న."

రాశారు. తెల్ల బోర్డు మీద, నల్ల అక్షరాలతో, ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. తెలుగులో 'కోసినవారు' అని బహువచనం పెట్టించాడు సోమేశ్వరరావు. అది ఆయన సొంత పశ్చాత్తాపం. తొమ్మిది వచ్చే కొత్త రేకు ఆయన బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా స్థిరపడింది. సిద్ధాంతిగారు దానికీ అభ్యంతరం చెప్పలేదు.

ప్రారంభోత్సవం నాడు ఐలయ్య ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, ఉదయం ఏడింటి నుంచి బండి పక్కన సిపాయిలా నిలబడ్డాడు. జేబులో కిరోసిన్ గుడ్డ. అవసరమైతే బొటనవేలు ఉండనే ఉంది. ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి, రేకు చదవగలిగిన మరో మనిషి ఎదుటపడబోతున్నాడు. యజ్ఞనారాయణగారు పోయిన తర్వాత ఆ భాష మాట్లాడేవాడు ఐలయ్యకు దొరకలేదు. రాత్రంతా నిద్రపోలేదని, తప్పొస్తే పరువు పోతుందని ఎక్కం అప్పజెప్పుకుంటూనే ఉన్నాడని భూలక్ష్మి తర్వాత చెప్పింది.

పదింటికి క్లయింటు వచ్చాడు. యాభైకి దగ్గరపడ్డ పొడుగాటి మనిషి. మెడలో దండ పడింది, నుదుటి మీద బొట్టు పడింది. బండిని చూడగానే రెండు చేతులూ చెంపలకు పెట్టుకున్నాడు. దగ్గరకొచ్చి బోర్డు మొత్తం చదివాడు. టారీటౌన్ అన్నచోట ఆగి, తాను పుట్టింది ఆ ఊరికి ఆరు మైళ్ల దూరంలోనని, ఆ ఫ్యాక్టరీ మూసేసి రెండు మూడేళ్లయిందని చెప్పాడు. సోమేశ్వరరావు అది తెలుగులో చెబితే ఐలయ్య తల వంచాడు, ఎవరో ఎరిగినవాళ్లు పోయినట్టు.

తర్వాత ఐలయ్యే బానెట్ ఎత్తాడు. బొటనవేలు నాలుక మీద పెట్టాడు. శ్యామ్ కళ్లు మూసుకున్నాడు. ఐలయ్య ఎడమ నుంచి కుడికి ఒకేసారి తుడిచి, పక్కకు జరిగి, చేయి చూపించాడు. ఇక నీదే వంతు అన్నట్టు.

క్లయింటు వంగి చాలాసేపు చూశాడు. నిటారుగా లేచి సోమేశ్వరరావు చెవిలో ఏదో అడిగాడు.

"ఏమంటుండు?" అన్నాడు ఐలయ్య.

"దాని మీద ఏం రాసుందో కాస్త చెప్పమంటున్నారండీ."

ఐలయ్య చెప్పాడు. మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా, డి ఎవరు కొనేదో, డి లేనిది ఎవరు కొనేదో, పది అరవై ఎనిమిది ఎందుకు పుట్టలేదో, యాదమ్మ మొగుడి ముఖం ఎందుకు పచ్చబడిందో. సోమేశ్వరరావు అనువాదానికి చెమటలు పట్టాయి. క్లయింటు ప్రతి మాటకూ తల ఊపుతూ, నవ్వుతూ, చివరన ఐలయ్య నల్లటి బొటనవేలిని పట్టుకుని మరీ కరచాలనం చేశాడు.

ఆయన దగ్గర చిన్నప్పుడు ఉన్న యాభై ఏడు షెవర్లే తాళం తిప్పితే నడిచేది, పొడవు నాలుగంగుళాలు.